సముద్రతీరమున ఇల్లు: వాల్తేరు, భీమునిపట్నముల నేల కథ



కోసిగి స్టేషనులో నిలిచి చూచినచో రైలుపట్టాలు ఒక దిక్కున మద్రాసు వైపునకును, మఱియొక దిక్కున బొంబాయి వైపునకును సాగిపోవుట కానవచ్చును. మద్రాసునుండి వేసిన దారియు, బొంబాయినుండి వేసిన దారియు 1871లో రాయచూరు కడ కలిసినవి. అది మొదలు మన యూరు రెండు సముద్రముల నడుమ నున్న యూరైనది. మన గుట్టలమీది కెక్కి చూచినను సముద్రము కానరాదు. కాని దాని మాట మాత్రము ఇటీవల మన యిండ్లలో తఱచుగ వినబడుచున్నది.

వాన తప్పిన యేడు మనవారు గుంటూరు మిరపతోటలకును, బెంగుళూరు కట్టడపు పనులకును వలస పోవుట మీ రెఱుగనిది కాదు. అట్లు పోయినవారి బిడ్డలలో కొందఱు చదువుకొని ఉద్యోగములలో కుదురుకొనిరి. వారు పండుగకు ఇంటికి వచ్చినపుడు, "నాయనా, ఈ మెట్టచేను పెట్టుకొని ఏమి చేస్తాము? దీనిని అమ్మి విశాఖపట్నము దగ్గఱ సముద్రపు గట్టున నాలుగు గజాల జాగా తీసుకొందాము. చల్లని గాలి, నిమ్మళమైన బ్రదుకు. నీవును అమ్మయును అక్కడ సుఖముగా ఉండవచ్చును" అనుచున్నారు. బిడ్డ ప్రేమతో అన్న మాటయే అది. దానికి వద్దని చెప్పుట సులభము. సరే యని చెప్పుటయు సులభము. విచారింపక చెప్పినచో రెండును ఒక్కటియే. ఆ తీరపు నేల యెవరి చేతినుండి యెవరి చేతికి, ఏ కారణమున మాఱుచు వచ్చినదో తెలిసికొనిన పిమ్మట చెప్పిన మాటకే విలువ యుండును. నేటి ప్రసంగము ఆ కథను గుఱించినది.

మొదట కొలతలను చూతము. మనము నేలను ఎకరములలోను, సెంట్లలోను లెక్కింతుము. అచ్చట ఇంటిస్థలమును చదరపు గజములలో చెప్పుదురు. ఎకరమునకు నూఱు సెంట్లు, అనగా 4840 చదరపు గజములు. సెంటునకు 48 గజములకు కొంచెము పైగా వచ్చును. రెండువందల గజముల స్థలమనగా మన లెక్కలో నాలుగు సెంట్లకు కొంచెము మించినది. మన కళ్లమునకు విడిచిన జాగా అంతకంటె పెద్దది. ఎకరములు విడిచి సెంట్లు తెచ్చుకొను బేరము తప్పని నేననను. కాని బేరము ఏమిటో తూచి చూడవలెను గదా. పొలము పంట నిచ్చును, పంట పోయిన యేడు కనీసము గ్రాసము నిచ్చును. ఇంటిస్థలము ఇచ్చునది రెండే: ఉండుటకు చోటు, మఱియొకనాటి ధర. ఆ ధర ఎట్లు పుట్టినదో వాల్తేరు కథ చెప్పును.

ఇంగ్లీషు కంపెనీవారి వర్తకశాల 17వ శతాబ్ది చివరి భాగమున విశాఖపట్నమున వెలసినది. మొదట వారి కాపురము రేవు దగ్గఱ, కోటలోపల. దాని వెనుక ఉప్పుటేఱును, పోటునీరు నిలుచు బురదనేలయు నుండెను. ఆ చోటు వర్తకమునకు మంచిదే గాని ఆరోగ్యమునకు మంచిది కాదు. అందుచేత కొంత స్థిరపడిన తరువాత దొరలు ఉత్తరముగ రెండు మూడు మైళ్ల దూరమున నున్న వాల్తేరు మిట్టలకు తమ బంగళాలను మార్చుకొనిరి. అది ఎఱ్ఱమట్టి మెరక. పంటకు గొప్ప నేల కాదు. కాని సముద్రమునుండి వచ్చు గాలికి అడ్డు లేదు, వాననీరు నిలువదు. సేద్యగాడు వలదన్న నేలయే ఉద్యోగికి ఇష్టమైన నేల యయ్యెను. విశాలమైన దొడ్లు, వాని నడుమ ఇండ్లు, ఇంటికి ఇంటికి చాల ఎడము — ఇట్టి శివారు మన తెలుగు తీరమున మొదట కుదురుకొన్న చోట్లలో వాల్తేరొకటి.

దొరల తరువాత రాజులు వచ్చిరి. జయపురపు రాజులు సముద్రమున కెదురుగ కట్టించిన హవామహలు నేటికిని అచ్చట కలదు. హవామహలనగా గాలిమేడ. రాజులకు అది నిజమైన మేడయే. గాలిమేడలు కట్టుట యనగా మన యూళ్లలో ఏమి యర్థమో మీకు తెలియును. తీరమున స్థలము కొనువాడు తాను కట్టునది ఏ విధమైన గాలిమేడయో ముందుగ తెలిసికొనుట మంచిది.

దొరలకంటెను, రాజులకంటెను ముందుగ ఆ తీరమున నున్నవారు జాలరులు, వాడబలిజలు. వారికి కావలసినది విశాలమైన దొడ్డి కాదు. పడవను ఒడ్డునకు లాగుకొనుటకును, వల ఆరవేసికొని చీలికలు కుట్టుకొనుటకును, చేపలు ఎండబెట్టుకొనుటకును ఇసుకనేల కావలెను. ఆ ఇసుకకు పట్టా పుచ్చుకొనవలెనని వారికి తోచలేదు. ఇవ్వవలెనని సర్కారునకును తోచలేదు. ఊరి గుడి ముందరి బయలునకు మనలో నెవడు పట్టా అడుగును? అట్లే వారికి ఆ ఒడ్డు. ఇసుకకు ధర లేనంతకాలము ఈ లోపమువలన ఎవరికిని నష్టము రాలేదు. ధర వచ్చిన దినమున పట్టా లేనివాడు వెనుకకు జరుగవలసినవా డయ్యెను. పెద జాలరిపేట నేటికిని నగరము నడుమ, పెద్ద మేడల పొరుగున, ఇఱుకుగా నిలిచియున్నది. ఎం.వి.పి. కాలనీ యని పట్టణవాసులు పిలుచు పెద్ద పేట పేరులోని మూడక్షరములు మువ్వలవానిపాలె మను ఊరివి. ఊరు కాలనీ యైనది. పేరు పొడియక్షరములుగ మిగిలినది.

ఇక భీమునిపట్నము. విశాఖకు ఉత్తరముగ, గోస్తని నది సముద్రములో కలియుచోట ఈ పట్టణ మున్నది. జనులు భీమిలి యందురు. 17వ శతాబ్దిలో వలందావారు, అనగా డచ్చివారు, ఇచ్చట వర్తకము సాగించిరి. వారి సమాధులు నేటికిని ఆ యూర కలవు. 1824లో ఆంగ్లేయులకును డచ్చివారికిని కుదిరిన ఒడంబడికచే మఱుసటి యేడు ఈ రేవు ఆంగ్లేయుల వశమయ్యెను. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘ మేర్పడినది. మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన పురపాలక సంఘములలో అది యొకటి. ఓడలు వచ్చి లంగరు వేయునట్టి, సరకులు ఎక్కించునట్టి, కోమట్లును దొరలును గిడ్డంగులు కట్టుకొన్నట్టి పట్టణ మది.

అట్టి పట్టణము నిమ్మళమైన పట్టణ మెట్లయ్యెను? 1893 మొదలుకొని తూర్పుతీరపు రైలు నడచినది. ఆ దారి విజయనగరముమీదుగ వాల్తేరునకు వచ్చినది గాని భీమిలికి పోలేదు. 1933లో విశాఖపట్నమున లోపలి రేవు తెఱవబడినది. పెద్ద ఓడ గట్టు దగ్గఱకే వచ్చి నిలుచుచోటు దొరకిన పిమ్మట, నడిసముద్రమున లంగరు వేసి చిన్న పడవలలో సరకు దింపు రేవునకు ఎవడు పోవును? భీమిలి వర్తకము క్రమముగ సన్నగిల్లినది. గిడ్డంగులు మూతబడినవి. వీథులు నిశ్శబ్దమైనవి. నేడు స్థలము అమ్మువారు ఏ నిమ్మళమును పొగడి ధర చెప్పుచున్నారో, అది ఆ యూరివారికి ఒకనాటి జీవనము పోవుటవలన వచ్చినది. ఈ సంగతి కొనువాడు మఱువరాదు. నిమ్మళమైన యూర వైద్యుడు, అంగడి, పని, బడి దగ్గఱ లేకపోవచ్చును. అవి దగ్గఱకు వచ్చిన నాడు నిమ్మళము మిగులకపోవచ్చును.

నేల ధర నేలలోనుండి పుట్టదని దీనివలన తెలియుచున్నది. రైలు ఒక యూరి ధరను పెంచి పొరుగూరి ధరను తగ్గించినది. విద్యయు అట్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడయందు స్థాపింపబడి, 1930లో వాల్తేరు మిట్టలకు చేరినది. అప్పటినుండి దొరల బంగళాల చెంత ఆచార్యులును, విద్యార్థులును, వారికి కావలసిన వర్తకులును నివసింపజొచ్చిరి. ఇందు మన సీమ పెద్దల చేయియు కొంత కలదు. 1937లో మద్రాసునందు శ్రీబాగను గృహమున కుదిరిన ఒడంబడికలో, విశ్వవిద్యాలయమునకు వాల్తేరునందును, అనంతపురమునందును కేంద్రము లుండవలెననియు, నదీజలములలో మన సీమకు ముందు పాలు రావలెననియు వ్రాసికొనిరి.

ధర పెరుగుట ఒక్కటియే కథ కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముమీద బాంబులు వేసినవి. ఆ మఱునాటినుండి జనులు ఇండ్లు విడిచి పల్లెలకు పరుగిడిరి. విశ్వవిద్యాలయమే కొంతకాలము గుంటూరునకు తరలిపోయినది. గాలి అదియే, సముద్ర మదియే, మిట్ట అదియే. కాని ఆ దినమున అచ్చట ఇల్లున్నవాని సుఖము పల్లెలో చుట్టమున్నవాని సుఖమునకు సరి రాలేదు. మనుష్యుల భయముతో తగ్గునది మనుష్యుల ఆశతో పెరిగినదే యని పెద్దలు గ్రహింపవలెను.

ఈ పాఠమునకు విశాఖదాక పోనక్కఱలేదు. మన కర్నూలే నేర్పినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు, అంతవఱకు బళ్లారి జిల్లాలో నున్న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రములో చేరినవి. వానితోడనే మన కోసిగియు చేరినది. కర్నూలు రాజధాని యయ్యెను. కచ్చేరీలకు చోటు చాలక డేరాలు వేసిరి. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదునకు పోయెను. రాజధానిని నమ్మి స్థలము కొన్నవాడు మూడేండ్లకే మామూలు పట్టణములో స్థలము గలవా డయ్యెను. ఇటీవల 2020లో విశాఖపట్నమును కార్యనిర్వాహక రాజధానిగను, కర్నూలును న్యాయ రాజధానిగను చేయు శాసనము వచ్చినది. 2021లో దానిని మరల ఉపసంహరించిరి. భీమిలికి ఆవల భోగాపురమున విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఇట్టి వార్తలు వెలువడినప్పుడెల్ల స్థలము లమ్మువారి నోళ్లకు పని కలుగును. వార్త నిజము కావచ్చును. కాని వార్తకు కట్టిన ధర వార్తతోడనే పోవచ్చును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వత్తము. అది హక్కు. మన నేలకును, ఆ తీరపు నేలకును హక్కు పుట్టిన విధమే వేఱు.

1800లో నిజాము మన సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అందుచే దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. నాటినుండి 1807వఱకు దీనిని పాలించిన కలెక్టరు తామస్ మన్రో. ఆయన పొలము పొలమునకు కొలత వేయించి, రైతునకే నేరుగ పన్ను నిర్ణయించెను. నడుమ జమీందారుడు లేడు. ఇదియే రైత్వారీ. ఆయన 1827లో మన పత్తికొండలోనే కలరా తగిలి మరణించెను. మన పొరుగున నున్న మంత్రాలయమున ఆయనను గుఱించి యొక కథ చెప్పుకొందురు. ఆ మఠపు గ్రామము ఆదోని నవాబు స్వాములవారి కిచ్చిన మాన్యము. దాని హక్కును విచారింప వచ్చిన మన్రోకు బృందావనము నెదుట స్వాములవారే కనబడి సమాధానము చెప్పిరనియు, మాన్యము నిలిచినదనియు ఆ కథ. భక్తులు దానిని మహిమగ చెప్పుకొందురు. అందు రైతునకు వేఱొక నీతియు కలదు: స్వాములవారి మాన్యమునకైనను హక్కు విచారణ తప్పలేదు. అట్టియెడ నాలుగు సెంట్లు కొను మనకు విచారణ యేల వలదు?

విశాఖ తీరమున కంపెనీవారు 1802లో జమీందారీ పద్ధతిని స్థిరపఱచిరి. అచ్చటి గ్రామములు అనేకము విజయనగరము మొదలగు జమీనులలోనివి. మఱికొన్ని దేవస్థానములవి, కొన్ని ఇనాములు. రైతు సాగుచేసినను నేలమీద పై హక్కు వేఱొకరిది. 1948లో చేసిన ఎస్టేటు రద్దు శాసనముచే జమీందారీలు పోయినవి. 1956 నాటి శాసనముచే ఇనాములు రైత్వారీ పట్టాలుగ మార్చబడెను. ఇన్ని చేతులు మాఱిన నేలలో, ఏది రైతుది, ఏది దేవునిది, ఏది సర్కారుది, ఏది ఊరుమ్మడి బయలు అను వివాదములు పుట్టుట సహజము. విశాఖ నగరమున సింహాచల దేవస్థానపు పంచగ్రామముల వివాదమును పత్రికలు చదువువారందఱు ఎఱుగుదురు. అచ్చట జనులు ఇండ్లు కట్టుకొని, పిల్లలకు పెండ్లిండ్లు చేసి, మనుమల నెత్తుకొన్న పిమ్మటను, నేల దేవునిదా తమదా యను ప్రశ్న దశాబ్దములతరబడి తెగలేదు. కట్టిన గోడ పాతబడిన మాత్రమున హక్కు గట్టిపడదు.

ఇంకొక జాతి నేల కలదు. భూమి లేని పేదలకు సాగు నిమిత్తమో, ఇంటి నిమిత్తమో సర్కారువారు డి.పట్టా యిచ్చిన నేల. ఇట్టి నేలను అమ్మరాదని 1977లో శాసనము వచ్చినది. తరువాత సవరణలును వచ్చినవి. అందుచే నేడు ఏ పట్టాకు ఏ నియమము వర్తించునో తహశీలుదారు కచ్చేరీలో వ్రాతమూలముగ తెలిసికొనవలెను గాని అమ్మువాని నోటిమాట వినరాదు. రిజిస్ట్రేషను నిషేధించిన నేలల జాబితా యొకటి సబురిజిస్ట్రారు కచ్చేరీలో నుండును. జనులు దానిని 22-ఏ జాబితా యందురు. సర్వే నంబరు చెప్పి అందు చూచుకొనవలెను. మూలపత్రములు తరము తరమునకు గొలుసువలె కలిసి రావలెను. నడుమ ఒక కొలికి లేనిచో అచ్చటనే ఆగవలెను. ఈసీ యను పత్రమును ముప్పదేండ్లకు తక్కువ గాకుండ తీయించవలెను. జీ.పీ.ఏ. యను అధికారపత్రముమీద కొన్నంత మాత్రమున హక్కు రాదని సుప్రీముకోర్టువారు 2011లో స్పష్టముగ చెప్పిరి. సరిహద్దు రాళ్లను కాగితముమీద గాక, సర్వేయరుతో నేలమీద నిలిచి చూడవలెను. ఇవి యన్నియు మన పొలము కొనునపుడు మన తాతలు చేసిన పనులే. వారు చేనిగట్టున నిలిచి పొరుగు రైతులను పిలిచి హద్దు లడిగిరి. ఆ యలవాటును రైలెక్కునపుడు ఇంట విడిచిపోరాదు.

మన పొలమున లేని హద్దు ఒకటి ఆ తీరమున కలదు. అది సముద్రము. మన చేనిహద్దు వంకయైనచో అది వఱదకు కొంత కోయును. సముద్రము కదలుట అంతకంటె పెద్దది. విశాఖలో రేవు కట్టిన పిమ్మట, దక్షిణమునుండి ఉత్తరమునకు అలలతో నడచు ఇసుకకు అడ్డు పడినది. ఇసుక రాని తీరమును అలలు కోయును. అందుచే రేవువారు తవ్విన ఇసుకను మరల పట్టణపు తీరమున పోయవలసి వచ్చుచున్నది. కాకినాడ దగ్గఱ ఉప్పాడ యను ఊరున సముద్రము ఏటేట లోపలికి వచ్చి ఇండ్లను, దారిని మ్రింగుచున్నది. అచ్చట కొందఱికి దస్తావేజు పెట్టెలో భద్రముగ నున్నది. అందు చెప్పిన నేల నీటిలో నున్నది.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో పెద్దవా రెఱుగుదురు. వేలకొలది జనులు ఒక్క రాత్రిలో పోయిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము మీదనే తీరము దాటినది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున గాలి వీచి, చెట్లను పెల్లగించి, మేడల అద్దములను పగులగొట్టినది. నగరము దినములతరబడి దీపములు లేక, నీరు లేక యుండెను. ఏ గాలికొఱకు వాల్తేరు మిట్టకు ధర వచ్చినదో, ఆ గాలియే ఒకనాడు వచ్చి తన మఱియొక ముఖము చూపినది.

ఈ కారణములచేతనే 1991లో కేంద్ర ప్రభుత్వము తీరమున కట్టడములను క్రమపఱచు ఉత్తరువు చేసినది. జనులు దానిని సీ.ఆర్.జడ్. అందురు. 2011లోను, 2019లోను దానిని మార్చిరి. పోటునీరు వచ్చు గీతనుండి 500 మీటర్లవఱకు సముద్రతీరము ఈ నియమములకు లోబడును. పోటునీరెక్కు ఏటిముఖములకును, అనగా భీమిలి గోస్తని వంటి చోట్లకును, ఇది వర్తించును. పల్లెపట్టులయందు ఒడ్డునుండి 200 మీటర్లవఱకు కొత్త ఇల్లు కట్టరాదు. జనము దట్టముగ నున్న పల్లెలకు మాత్రము 2019లో దీనిని 50 మీటర్లకు తగ్గించిరి. నగరమున ఇదివఱకున్న దారికి సముద్రపు వైపున కొత్త కట్టడము కూడదు. సముద్రము చక్కగ కనబడు స్థలము చౌకగ వచ్చుచున్నదని ఎవరైన చెప్పినచో, మొదటి ప్రశ్న ఇది: ఇచ్చట ఇల్లు కట్టనిత్తురా? భీమిలి దారిలోని ఎఱ్ఱమట్టి దిబ్బలు, తొట్లకొండ, బావికొండ బౌద్ధస్థలములు మొదలగునవి రక్షింపవలసినవిగ గుర్తింపబడిన తావులు. వాని చెంత నేల కొనువాడు ఆ హద్దులను కూడ విచారింపవలెను.

అచ్చటి కాపురమును గుఱించియు రెండు మాటలు. మన యూర ఎండ మండును గాని చెమట ఆరును. అచ్చట ఎండ మనకంటె తక్కువ, చెమట ఆరదు. మన జిల్లాకు ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన. అచ్చట వేయి దాటును. ఐనను ఒడ్డున బావి త్రవ్వి అతిగ తోడినచో ఉప్పునీరు లోపలికి వచ్చును. ఒకసారి వచ్చిన ఉప్పు త్వరగ పోదు. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టును. కిటికీ చువ్వ మొదలు కప్పులోని ఇనుపకమ్మివఱకు అది తినివేయును. కాబట్టి కమ్మిమీద కాంక్రీటు మందముగ నుండవలెను, ఏటేట మరమ్మతు తప్పదు. ఇల్లు కట్టు ఖర్చుతో పాటు ఇల్లు నిలుపు ఖర్చును లెక్క వేసికొనవలెను. వీనికంటె పెద్దది మఱియొకటి కలదు. డెబ్బదేండ్ల తల్లిదండ్రులకు చల్లగాలి ఒక్కటియే చాలునా? సాయంకాలము రచ్చకట్టపై "ఏమప్పా, వాన జాడ యేమైన ఉన్నదా?" అని పలుకరించువారు అచ్చట లేరు. కొడుకు కచ్చేరీకి పోయిన పిమ్మట దినమెల్ల అలల చప్పుడు వినుచు కూర్చుండుట కొందఱికి సుఖము, కొందఱికి శిక్ష. ఒక యేడు బాడుగ ఇంట నుండి చూచినచో ఇది తెలియును. బాడుగ పోయినను పొలము పోదు.

ఇంత చెప్పి, బిడ్డ మాట వినవలదని నేను చెప్పుట లేదు. వలస మనకు కొత్త కాదు. 1876లో వచ్చిన ధాత కరువున మన సీమ జనులు దిక్కులకు పోయిరి. బ్రతికి తిరిగి వచ్చినవారికి మరల నిలద్రొక్కుకొనుటకు ఇచ్చట మిగిలిన నేలయే ఆధారమయ్యెను. ఆ జ్ఞాపకము మన యిండ్లలో ఇంకను ఉన్నది. కావున నా విన్నప మింతే. మిగులుబడి ధనముతో కొనగలిగినచో, హక్కు విచారించి, సముద్రపు నియమములు విచారించి, కట్టనిచ్చు స్థలమే కొనుడు. ఉన్న పొలమంతయు అమ్మి కొనవలసి వచ్చినచో ఆగుడు. కడపటి చేనిని మాత్రము అమ్మకుడు. కొనుటకు ముందు ఆ ప్రక్క జాలరిపేటకు పోయి, అచ్చటి ముసలివాని చెంత కూర్చుండి, "తాతా, నీ చిన్ననాడు నీరు ఎచ్చటిదాక వచ్చెడిది? ఈ నేల ఎవరిది?" అని అడుగుడు. కచ్చేరీ పత్రములలో లేని సంగతి ఆయన నోట దొరకవచ్చును. పడవ లాగుకొను దారిని మీ గోడ మూసివేయునేమో కూడ ఆయనయే చెప్పును. అట్లయినచో ఆ గోడ కట్టకుడు. పొరుగువాని దారి మూసి కట్టిన యింట నిమ్మళము ఉండదు.

వాల్తేరు దొర గాలిని చూచి మిట్ట నెక్కెను, భీమిలి వర్తకుడు ఓడను చూచి గిడ్డంగి కట్టెను, కర్నూలులో కొందఱు రాజధానిని చూచి స్థలము కొనిరి. గాలి తిరిగినది, ఓడ పోయినది, రాజధాని తరలినది. నిలిచినది నేలయు, దానిమీద న్యాయమైన హక్కు గలవాడును మాత్రమే. మీ బిడ్డ ఈ పండుగకు వచ్చి మరల ఆ మాట యెత్తినపుడు, కోపింపక, తొందరపడక, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నాయనా, గాలి మంచిదే. ముందు ఆ నేల కథ చెప్పు" అని అడుగుడు. చెప్పగలిగినచో వానివెంట పోయి చూచి రండు. చెప్పలేనిచో తెలిసికొని రమ్మని పంపుడు. అంతవఱకు మన చేను ఎచ్చటికిని పోదు.